డాలరువాళ్ళు, దినారువాళ్ళు

గన్నవరం విమానాశ్రయం బయట కాసేపు నిలబడితే మన రాష్ట్రం నుంచి సాగిన రెండు వలసలూ కళ్ళముందే కనపడతాయి. ఢిల్లీ మీదుగానో హైదరాబాద్ మీదుగానో అమెరికా నుంచి వచ్చిన అబ్బాయి చక్రాల సూట్‌కేసు లాక్కుంటూ బయటికొస్తాడు. అమ్మ గేటు దగ్గర ఉంటుంది, నాన్న కారు దగ్గర ఉంటాడు. షార్జా విమానంలో వచ్చినవారి సామాను వేరేగా ఉంటుంది. అట్టపెట్టె, దాని చుట్టూ నైలాన్ తాడు, ముడుల మధ్య స్కెచ్ పెన్నుతో పెద్ద అక్షరాల్లో పేరు, ఊరు, మండలం, ఫోన్ నంబరు. పెట్టె ఎక్కడైనా తప్పిపోతే చూసినవాళ్ళు ఒక ఫోన్ చేయకపోతారా అన్న ఆశ. ఊరి నుంచి వ్యాను మాట్లాడుకుని వచ్చిన ఇంటివాళ్ళు విమానం దిగే టైముకు చాలా ముందు నుంచే ఆ గేటుకేసి చూస్తూ ఉంటారు.

ఈ ఇద్దర్నీ పోల్చడం మనకు బాగా అలవాటు. పెళ్ళి సంబంధాల దగ్గర, కాలేజీ వార్షికోత్సవాల్లో, ఒక్కోసారి ప్రభుత్వ వేదికల మీద కూడా అదే మాట వినిపిస్తుంది: వాళ్ళు తెలివైనవాళ్ళు, కష్టపడి చదివి పైకొచ్చారు, వీళ్ళు చదువు లేక, ఏజెంటు మాట నమ్మి, వెళ్ళి ఇరుక్కున్నారు. ఒకరు మనకు గర్వకారణం, ఇంకొకరు మనకు జాలి. ఈ మాటలో అన్యాయం ఉందని మేము గట్టిగా నమ్ముతున్నాం. అమెరికా తెలుగువారి గెలుపులో, గల్ఫ్ తెలుగువారి కష్టంలో ఎక్కువ భాగం మనిషి గుణంతో తేలింది కాదు. ఏ దేశం ఎవరిని ఏ కాగితం మీద లోపలికి రానిచ్చింది, వచ్చాక ఏ హక్కులు ఇచ్చింది అన్నదాంతో తేలింది.

ముందు అంకెలు చూద్దాం. 2023లో అమెరికాలోని భారతీయ కుటుంబాల మధ్యస్థ వార్షికాదాయం లక్షా 51 వేల డాలర్లని ప్యూ పరిశోధన సంస్థ చెప్పింది. అంటే సగం కుటుంబాలు అంతకు పైన, సగం కింద. దేశం మొత్తానికి ఆ అంకె 80 వేల డాలర్ల దగ్గరే ఉంది. ఇటు కువైట్ 2016లో ఇంటి పనివారికి నిర్ణయించిన కనీస జీతం నెలకు 60 దినార్లు, అంటే సుమారు 200 డాలర్లు. మొదటిది చాలాసార్లు ఇద్దరు సంపాదించే కుటుంబం ఏడాది ఆదాయం, రెండోది ఒక ఒంటరి మనిషి నెల జీతం. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి ఎవరు గొప్పో తేల్చడమంటే, ఒకరిని పరుగు పందెంలో మధ్య నుంచి మొదలెట్టించి, ఇంకొకరిని కాళ్ళు కట్టేసి దింపి, టైము కొలవడమే. అమెరికాలోని భారతీయుల్లో 25 ఏళ్ళు దాటినవారిలో 77 శాతానికి డిగ్రీ ఉంది. అమెరికా జనం మొత్తంలో అది మూడో వంతుకు కాస్త పైన మాత్రమే. అమెరికా వెళ్ళాక మనవాళ్ళు ఎక్కువ చదివేసుకున్నారని కాదు, చదివినవారికే ఆ తలుపు తెరుచుకుంది.

మాటకు రుజువు కావాలంటే అదే అమెరికాలో వందేళ్ళు వెనక్కి వెళ్ళాలి. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో కాలిఫోర్నియా పొలాలకు వెళ్ళిన పంజాబీ రైతులూ భారతీయులే. కష్టంలో ఎవరికీ తీసిపోనివాళ్ళు. కానీ పౌరసత్వానికి అర్హత లేనివారు భూమి కొనకూడదని ఆ రాష్ట్రం 1913లో చట్టం చేసింది. 1917లో అమెరికా మన దేశం నుంచి కొత్తవాళ్ళు రాకుండా తలుపు మూసింది. 1923లో భగత్ సింగ్ థింద్ కేసులో అక్కడి సుప్రీంకోర్టు, భారతీయులు తెల్లవారు కారు కాబట్టి పౌరసత్వానికి పనికిరారని తీర్పు చెప్పింది. అప్పటికే పౌరసత్వం వచ్చినవారిలో కొందరి నుంచి దాన్ని వెనక్కి లాక్కున్నారు. 1946లో చట్టం మారి పౌరసత్వానికి దారి తెరిచినా, ఏడాదికి వంద మందికే ప్రవేశం. మన భీమవరం బిడ్డ యల్లాప్రగడ సుబ్బారావు ప్రాణాలు నిలిపే మందులు ప్రపంచానికి ఇచ్చాడు, 1948లో చనిపోయేనాటికి కూడా అమెరికా పౌరుడు కాలేదు. ఆ రోజుల్లో ఎవరైనా లెక్క తీసి ఉంటే, భారతీయులు వెనకబడిన జాతి అని తేలేది. 1965లో వలస చట్టం మారి డాక్టర్లకు, ఇంజనీర్లకు దారి వచ్చింది. 1990 చట్టంతో నిపుణ ఉద్యోగులకిచ్చే హెచ్-1బీ వీసా వచ్చింది. మారింది మన రక్తమూ కాదు, మన సంస్కారమూ కాదు. వాళ్ళ చట్టం మారింది.

రెండో తలుపు మన ఇంట్లోనే ఉంది. దాని సంగతి మనం మాట్లాడుకోం. విజయవాడ దగ్గర కృష్ణ మీద 1855లో ఆనకట్ట లేచింది. తర్వాత తరాల్లో కాలువ కింద పండిన పొలం పిల్లల కాలేజీ ఫీజు అయింది. గుంటూరు మెడికల్ కాలేజీ 1946లో మొదలైంది. అది సర్కారు కాలేజీ, జనం కట్టిన పన్నుల మీద నడిచింది. అక్కడ చదివిన ఎందరో డాక్టర్లు 1965 తర్వాత అమెరికా వెళ్ళి స్థిరపడ్డారు. వాళ్ళ పూర్వ విద్యార్థుల సంఘం జింకానా గుంటూరు ప్రభుత్వాసుపత్రి కోసం చేసిన సాయం ఈ జిల్లా మరచిపోయేది కాదు, మనస్ఫూర్తిగా మెచ్చుకోవాల్సిందే. అయితే ఆ చదువుకు పెట్టుబడి పెట్టినవారిలో సబ్బుబిళ్ళ మీదా, అగ్గిపెట్టె మీదా పన్ను కట్టిన కూలి మనిషి కూడా ఉంది. ఆమె మనవరాలే ఇవాళ కువైట్‌లో పరాయి ఇంటి వంటగదిలో ఉంటే, వీరు తెలివైనవారు, వారు కారు అని ఏ నోటితో అంటాం?

గోదావరి డెల్టాలో నీరు తక్కువేమీ కాదు. కానీ భూమి లేని ఇంటికి ఆ నీరు ఇచ్చింది నాట్ల కూలి, కోతల కూలి మాత్రమే. అందుకే కోనసీమ నుంచి, నరసాపురం వైపు నుంచి ఆడవాళ్ళు గల్ఫ్ దారి పట్టారు. రాజంపేట, రాయచోటి వైపు కరువు ఆ పని చేసింది. సొంత పొలం, దగ్గర్లో కాలేజీ, అప్పు పుట్టే పరపతి ఉన్న ఇళ్ళ నుంచి ఎక్కువమంది ఒకవైపు వెళ్ళారు. అవేవీ లేని ఇళ్ళ నుంచి ఎక్కువమంది రెండోవైపు వెళ్ళారు. ఈ గీత చాలాచోట్ల కులం గీత మీదుగానే నడిచిందని ఒప్పుకోవడానికి మనం మొహమాటపడకూడదు.

ఈ తేడా పాస్‌పోర్టులో అచ్చయి కూడా ఉంటుంది. పదో తరగతి పాసు కానివారి పాస్‌పోర్టు చివరి పేజీలో ఈసీఆర్ అన్న మూడక్షరాలు ఉంటాయి. గల్ఫ్ సహా 18 దేశాలకు వాళ్ళు ఉద్యోగానికి వెళ్ళాలంటే వలసదారుల రక్షణాధికారి అనుమతి కావాలి. రక్షణ కోసం పెట్టిన నియమం అది. 2018 జనవరిలో కేంద్రం ఇంకో అడుగు వేసి, వీళ్ళ పాస్‌పోర్టుకు నారింజ రంగు అట్ట వేస్తామంది. దూరం నుంచి చూసినా వీడు చదువులేనివాడని తెలిసిపోయేలా! గొడవ లేచాక ఆ నెలాఖరుకే వెనక్కి తగ్గింది. అట్ట రంగు మారలేదు సరే, ఆ రంగులో చూసే చూపు మాత్రం మనలో చాలామందిలో ఇప్పటికీ ఉంది.

ఇంటి పనికి వెళ్ళే ఆడవాళ్ళ విషయంలో నియమాలు ఇంకా గట్టివి. ఈసీఆర్ పాస్‌పోర్టు ఉంటే 30 ఏళ్ళు నిండాలి. 2016 నుంచి ప్రభుత్వ సంస్థల ద్వారానే పంపాలి. కాగితం మీద ఇది మంచిదే. కానీ సర్కారు దారి దూరమూ, ఆలస్యమూ అయినప్పుడు ఊళ్ళో సబ్ ఏజెంటు ఇంటికే వస్తాడు. చట్టం ప్రకారం రిజిస్టర్డ్ ఏజెంటు 30 వేల రూపాయలు, దానిపై జీఎస్టీ మించి తీసుకోకూడదు. ఇతను అంతకు రెండు మూడింతలు అడుగుతాడు, విజిట్ వీసా చేతిలో పెడతాడు. దిగాక పాస్‌పోర్టు యజమాని బీరువాలోకి పోతుంది. అక్కడి తెలుగువాళ్ళు ఇంటి పని వీసాను ఖాదిం వీసా అంటారు. కఫీల్, అంటే వీసా ఇచ్చిన యజమాని, ఒప్పుకోనిదే ఇల్లు మారలేరు. కొట్టినా, జీతం ఎగ్గొట్టినా తట్టుకోలేక బయటికొచ్చిన మరుక్షణం ఆమె కల్లివెల్లి. అంటే చట్టం దృష్టిలో పారిపోయిన మనిషి. 2018లో, మళ్ళీ 2024లో కువైట్ క్షమాభిక్ష ప్రకటించింది, జరిమానా కట్టకుండా దేశం వదిలి వెళ్ళొచ్చంటూ. జీతం ఇవ్వని ఇంటి నుంచి పారిపోయినందుకు ఆమె క్షమాభిక్ష అడుక్కోవాలి!

అన్నిటికంటే పెద్ద తేడా పిల్లల దగ్గర వస్తుంది. అమెరికాలో ఉద్యోగికి భార్యను, పిల్లల్ని తీసుకెళ్ళే వీలుంది. అక్కడ పుట్టిన బిడ్డ పౌరుడే అని ఆ దేశ రాజ్యాంగంలో 1868 నుంచి ఉంది. ఆ బిడ్డ అక్కడి స్కూల్లో చదివి, అక్కడే ఓటు వేసి, తల్లిదండ్రులు మొదలెట్టిన చోటు నుంచి ఇంకో మెట్టు పైకి వెళ్తుంది. ఖాదిం వీసా మీద వెళ్ళిన తల్లి తన బిడ్డను తీసుకెళ్ళలేదు. ఇరవయ్యేళ్ళు పనిచేసినా అక్కడ పౌరురాలు కాలేదు. ఆమె అక్కడ వేరొకరి పిల్లలకు స్నానం చేయించి, జడలు వేసి, అన్నం తినిపిస్తుంది. సొంత పిల్లలు అమ్మమ్మ దగ్గర పెరుగుతారు. రాత్రి వీడియో కాల్‌లో బిడ్డ జ్వరం ఎంత ఉందో అడుగుతుంది, నుదుటి మీద చెయ్యి వేసి చూడలేదు. ఆమె పంపిన దినార్లతో ఇల్లు లేస్తుంది, పెద్దపిల్ల పెళ్ళి జరుగుతుంది, అప్పు తీరుతుంది. ఆ ఇంటి తర్వాతి తరం మాత్రం మళ్ళీ మొదటి మెట్టు దగ్గరే నిలబడుతుంది, ఒక్కోసారి అదే ఏజెంటు ముందు. రెండు వలసల ఫలితాలు పోల్చేవారు ఈ ఒక్క సంగతి మరిస్తే మిగతా లెక్కంతా దండగే.

అలాగని అమెరికా వెళ్ళినవారి కష్టాన్ని మేము తక్కువ చేయడం లేదు. బెంజ్ సర్కిల్ చుట్టుపక్కల కన్సల్టెన్సీల ఫ్లెక్సీల మీద నవ్వుతున్న ముఖాల వెనక ఎడ్యుకేషన్ లోన్ టెన్షన్ ఎంత ఉందో ఈ నగరంలో చాలా ఇళ్ళకు తెలుసు. ఉద్యోగం మీద ఇచ్చే గ్రీన్‌కార్డులు ఏడాదికి సుమారు లక్షా 40 వేలు, ఏ ఒక్క దేశానికీ 7 శాతం మించకూడదు. అందుకే మనవాళ్ళ క్యూ ఏళ్ళ తరబడి కదలదు. చిన్నప్పుడు వెంట తీసుకెళ్ళిన పిల్లలకు 21 నిండితే తల్లిదండ్రుల దరఖాస్తు నుంచి జారిపోతారు. 2025 సెప్టెంబరు 19న అమెరికా అధ్యక్షుడు ఒక్క సంతకంతో కొత్త హెచ్-1బీ దరఖాస్తుకు లక్ష డాలర్ల రుసుము పెట్టినప్పుడు విజయవాడలో ఎన్ని ఇళ్ళలో రాత్రి నిద్ర లేదో మాకు తెలుసు. తెలివీ కష్టమూ ఆ రోజు ఉన్నట్టుండి తగ్గిపోలేదు కదా. తలుపు కాస్త మూసుకుంది, అంతే. గల్ఫ్ మనిషి ఏళ్ళుగా బతుకుతున్న భయం డాలరు ఇంటికి ఆ రోజు తెలిసింది.

తలుపు పరాయి దేశానిదే కావచ్చు, చేతులు కట్టుకు కూర్చోవాల్సిన పని లేదు. కేరళను చూడండి. అక్కడివారూ గల్ఫ్‌కే వెళ్ళారు, వాళ్ళలోనూ కూలీలు, డ్రైవర్లే ఎక్కువ. కానీ ఆ రాష్ట్రం 1996లోనే ప్రవాసుల కోసం ప్రత్యేక శాఖ పెట్టింది. 2008లో ప్రవాసుల సంక్షేమ చట్టం చేసి, చందా కట్టి తిరిగొచ్చినవారికి పింఛను ఏర్పాటు చేసింది. 2023-24లో దేశానికి వచ్చిన ప్రవాసుల సొమ్ములో కేరళ వాటా 19.7 శాతమని, ఆంధ్రప్రదేశ్ వాటా 4.4 శాతమని రిజర్వ్ బ్యాంకు లెక్క. గల్ఫ్ వెళ్ళడమే ఓటమి అయితే కేరళ పల్లెలు అలా ఉండవు.

మన దగ్గర ఏం జరిగింది? 2020 సెప్టెంబరులో, కరోనా మధ్యలో, గల్ఫ్ వెళ్ళే కార్మికులకు అక్కడి యజమాని ఇవ్వాలని మన దేశం అడిగే కనీస జీతాన్ని కేంద్రం 30 నుంచి 50 శాతం దాకా తగ్గించింది. తెలంగాణ హైకోర్టులో కేసు పడ్డాక, 2021 జులైలో పాత జీతాలను తిరిగి తెచ్చింది. ఆ నిర్ణయాన్ని అప్పట్లో మన రాష్ట్రంలో గట్టిగా ప్రశ్నించిన గొంతులు ఎన్ని? అమెరికా వీసా రుసుము పెరిగితే మొదటి పేజీలో పెట్టే పత్రికలు ఈ జీతం కోతకు ఇచ్చిన చోటెంత? ఆ తప్పులో మా వాటా కూడా ఉందని ఒప్పుకుంటున్నాం. 2024 జూన్ 12న కువైట్‌లోని మంగఫ్‌లో కార్మికులు ఉన్న భవనం తగలబడి 40 మందికి పైగా భారతీయులు చనిపోయారు. వారిలో మన రాష్ట్రం వారూ ఉన్నారు. శవపేటికలు వచ్చిన వారం రాశాం. ఆ తర్వాత?

రాష్ట్ర ప్రభుత్వానికి ప్రవాసాంధ్రుల సంస్థ ఉంది, బీమా ఉంది, మృతదేహాలను విమానాశ్రయం నుంచి ఇంటికి చేర్చే అంబులెన్సు ఉంది. ఇవి మంచి పనులు. అయితే అంబులెన్సు మనిషి పోయాక వచ్చేది. అంతకుముందు చేయాల్సింది చాలా ఉంది. ఇంటి పనికి వెళ్ళే ఆడవాళ్ళను పంపే ప్రభుత్వ సంస్థ కౌంటరు మండల కేంద్రం దాకా రావాలి, సబ్ ఏజెంటు కంటే త్వరగా పని చేసి పెట్టాలి. వెళ్ళేముందు నాలుగు రోజులు కూర్చోబెట్టి నాలుగు అరబ్బీ మాటలు, ఎంబసీ నంబరు, జీతం బ్యాంకులో పడే పద్ధతి నేర్పాలి. తల్లి గల్ఫ్‌లో ఉన్న పిల్లలెవరో ప్రతి బడి హెడ్‌మాస్టరు దగ్గరా లెక్క ఉండాలి. హాస్టలు సీటు, పదో తరగతి దాటేదాకా తోడు, వాళ్ళకు ముందు దక్కాలి. అమెరికా సంఘాలు ఊళ్ళో గుడికి, బడికి ఇస్తున్న విరాళాల్లో కొంత ఈ పిల్లల చదువుకు మళ్ళితే మేము మరింత సంతోషిస్తాం.

ఇంకొక్క అడుగు వెంటనే వేయొచ్చు. విజయవాడ బస్టాండు నుంచి, గన్నవరం నుంచి నిత్యం గల్ఫ్ ప్రయాణికులు కదులుతూనే ఉన్నారు. ఈ రెండు చోట్లా ఒక్కో హెల్ప్ డెస్కు పెట్టండి. వీసా కాగితం చదివి, అది ఉద్యోగానిదో విజిట్‌దో తెలుగులో చెప్పగల ఒక మనిషిని, పగలూ రాత్రీ, అక్కడ కూర్చోబెట్టండి.