దురద మందుకు రాష్ట్రం దాటాలి

1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడ్డప్పుడు పక్కపక్కనే ఉన్న పర్లాకిమిడి ఒడిశా వైపూ, పాతపట్నం ఆంధ్ర వైపూ ఎందుకయ్యాయని మా పెద్దలు ఇప్పటికీ అరుగుల మీద వాదించుకుంటూనే ఉంటారు. ఆ గీత వల్ల ఎవరికేం ఒరిగిందో నాకు తెలుసు. దురద మందు కొనుక్కోవడానికి ఆడవాళ్లకి పక్కనే ఓ పరాయి రాష్ట్రం దొరికింది.

పర్లాకిమిడి మందుల షాపాయన మామగారి స్నేహితుడు. కౌంటర్ కుర్రాడు మరిదితో క్రికెట్ ఆడతాడు. అక్కడ నోరు విప్పితే సాయంత్రానికి వీధంతా తెలుస్తుంది. కనుక ఆటో ఎక్కి పాతపట్నం. పాతపట్నం ఆవిడకి అక్కడి షాపుతో ఇదే తంటా కనుక ఆవిడ పర్లాకిమిడి. ఖర్మ కాలి దారిలో ఎదురుపడితే:

"ఏటొదినా, ఇలగొచ్చేవు?"

"చీరకి ఫాల్ కుట్టిద్దామని. నువ్వో?"

"నేనూ ఫాల్‌కే."

ఇద్దరి చేతుల్లోనూ చీర లేదు.

ఇంత గోప్యంగా కాపాడుకునే ఈ యోని ఫంగస్ దురద ఎంత అరుదైనదో అనుకోకండి. ప్రతి నలుగురు ఆడవాళ్లలో ముగ్గురికి జీవితంలో ఒక్కసారైనా వస్తుందని వైద్యుల అంచనా. కేండిడా అనే ఫంగస్ చాలామంది ఒంట్లో ఊరికే పడి ఉంటుంది. లాక్టోబాసిల్లస్ అనే మంచి బాక్టీరియా యోనిలో ఆమ్లగుణం నిలిపి దాన్ని అదుపులో ఉంచుతుంది. గొంతునొప్పికి వేసుకున్న యాంటీబయాటిక్ ఆ కాపలాదారుల్ని కూడా చంపేస్తే ఫంగస్‌కి పండగే. గర్భం, అదుపులో లేని షుగరు, స్టెరాయిడ్లు కూడా దానికి కలిసొస్తాయి. ఇది సుఖవ్యాధుల లెక్కలోకి రాదు. అయినా మా ఊళ్లో ముందు అనుమానం, తరవాతే మందు.

ఇక షాపులో సంభాషణ. "దురద క్రీము." "ఎక్కడ?" మౌనం. దురద ఎక్కడో చెప్పని మనిషికి షాపాయన మాత్రం ఏమివ్వగలడు? స్టెరాయిడ్ కలిపిన సర్వరోగ నివారిణి ట్యూబు ఒకటి నల్ల కవర్లో పెట్టి ఇస్తాడు. నాలుగు రోజులు హాయిగా ఉంటుంది, తరవాత ఫంగస్ రెట్టింపు ఉత్సాహంతో లేస్తుంది. అసలు మందు క్లోట్రిమజోల్ లాంటిది, లేదా డాక్టరు రాస్తే ఫ్లూకోనజోల్ 150 మిల్లీగ్రాముల మాత్ర ఒక్కటి. గర్భిణులు ఆ మాత్ర జోలికి పోకూడదు, వాళ్లకి పైపూత, లోపల పెట్టే మందులే.

డాక్టరు దగ్గరికే వెళ్లొచ్చుగా అంటారా? వెళ్తాం, అత్తగారితో. డాక్టరమ్మది ఒడియా, కోడలిది తెలుగు, మధ్యలో దుబాసీ అత్తగారు. పెరుగు విరిగినట్టు తెల్లగా అవుతోందనీ, దురద, మూత్రానికి వెళ్తే మంట అనీ కోడలు గొణుగుతుంది. అత్తగారి నోట్లోంచి అది కడుపునొప్పై వస్తుంది. గ్యాస్ మాత్రలు రాయించుకుని ఇంటికొస్తారు. చేపల వాసన లాంటిది ఉంటే అది వేరే జబ్బు, దాని మందు వేరు. ఏడాదిలో మూడు నాలుగు సార్లు తిరగబెడితే షుగర్ పరీక్ష చేయించాలి. ఇవేవీ గ్యాస్ మాత్రతో తేలవు.

శుభ్రతలో మాత్రం మమ్మల్ని మించినవాళ్లు లేరు. సెంటు సబ్బు, యాంటీసెప్టిక్ నీళ్లు పెట్టి లోపలిదాకా కడిగి, మిగిలిన కాపలాదారుల్ని కూడా తరిమేస్తాం. మామూలు నీళ్లతో బయట కడుక్కుంటే చాలునని చెబితే నమ్మరు, ఖర్చు లేని సలహా కదా!

ఇప్పుడు అసలు విషయం, దండెం. వానాకాలంలో మేడ మీద రెండు గంటలు ఎండ కాస్తే మామగారి బనియన్లు, మరిది నిక్కర్లు నడి తీగ మీద రెపరెపలాడతాయి. కోడలి లోదుస్తులు తువ్వాలు కింద, లేదా బాత్రూమ్ తలుపు వెనక. పొద్దుటికి ఇంకా చెమ్మే. అవే కట్టుకుని, పైన బిగుతు సింథటిక్ లెగ్గింగ్స్ వేసుకుని బస్సెక్కుతుంది. వెచ్చదనం, తడి రెండూ ఉచితమే, ఫంగస్‌కి ఇంకేం కావాలి?

కనుక గజపతి, శ్రీకాకుళం జిల్లాల కలెక్టర్లకు ఉమ్మడి విన్నపం. ప్రతి మేడ మీదా దండెంలో మూడో వంతు నూలు లోదుస్తులకు రిజర్వు చేయండి, మధ్యాహ్నం 12 నుంచి 2 దాకా. మామగార్ల అభ్యంతరాలుంటే లిఖితపూర్వకంగా, దేని గురించో స్పష్టంగా పేరు రాసి ఇవ్వమనండి.