పేరంతా వైరస్‌కే పోయింది: పొట్టలోపలి కొవ్వు గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ పొట్టలోపలి కొవ్వు గారి సముఖమునకు,

ఉభయ కుశలోపరి అని మొదలుపెడదామంటే చెయ్యి రావడం లేదండీ. మీరు కుశలంగా ఉంటే నేను ఉండను, నేను కుశలంగా ఉండాలంటే మీరు తగ్గాలి. అందుకని ఆ మాట వదిలేసి నేరుగా విషయానికి వస్తున్నాను.

మీకు చాలా అన్యాయం జరిగింది. 2020లో కరోనా వచ్చినప్పుడు ప్రపంచమంతా ఆ వైరస్ బొమ్మ చూసి హడలిపోయింది. దాని స్పైక్ ప్రోటీన్ గురించి చిన్నపిల్లలు కూడా మాట్లాడారు, దాని ముఖ్యమైన కొత్త అవతారాలకి గ్రీకు అక్షరాల పేర్లు పెట్టారు, టీవీలో గంటల తరబడి చర్చలు పెట్టారు. మీ ఫొటో ఒక్కటంటే ఒక్కటి ఎవరైనా వేశారా? లెక్కలు కట్టినవాళ్లు మాత్రం ఉన్నారు. అమెరికాలో 2020 నవంబరు మధ్య వరకు కోవిడ్‌తో ఆస్పత్రుల్లో చేరిన పెద్దవాళ్ల కేసులు 9 లక్షలకు పైనే, అందులో 63 శాతానికి పైగా ఊబకాయం, బీపీ, షుగర్, హార్ట్ ఫెయిల్యూర్ అనే నాలుగింటి ఖాతాలోకి వెళ్తాయని 2021లో వచ్చిన ఒక అధ్యయనం అంచనా వేసింది. ఈ నాలుగూ లేకపోతే వాళ్లకి వైరస్ సోకేదే కాదని దీని అర్థం కాదు. సోకినా ఇంట్లోనే పడుకుని లేచేవాళ్లని. మోడల్ వేసి కట్టిన అంచనాయే అనుకోండి, అయినా అంత పని చేసిపెట్టిన వర్గానికి కనీసం ఒక శాలువా కూడా కప్పలేదు.

ఆ నాలుగింటి వెనకా ఉన్నది మీరొక్కరే అని నేను అనను, మీ అంత అహంకారం నాకు లేదు. కానీ మొదటి మూడింటి ఇంట్లోనూ మీకు బాగా చనువుందని అందరికీ తెలుసు.

అసలు మీ తెలివంతా కనపడకుండా ఉండటంలోనే ఉంది. చర్మం కింద ఉండే మీ చుట్టం పాపం బయటికి కనిపిస్తుంది, చేతికి దొరుకుతుంది, తిట్లన్నీ అదే తింటుంది. మీరేమో కాలేయం పక్కన, పేగుల చుట్టూ హాయిగా సర్దుకుని కూర్చుంటారు. ఇంటి దొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారే, అలాగ. చేతులూ కాళ్లూ పుల్లల్లా ఉండి పొట్ట మాత్రం కాస్త ముందుకొచ్చిన మనిషిని చూసి ‘సన్నగా ఉన్నాడు, వాడికేం’ అనుకుంటారు జనం. అందులోనూ దక్షిణాసియా వాళ్లంటే మీకు మహా ఇష్టం, అదే బరువున్న యూరప్ మనిషి దగ్గర కంటే వీళ్ల దగ్గర ఎక్కువగా చేరతారు. అందుకే వీళ్లకి నడుము కొలత హద్దు కూడా తగ్గించి పెట్టారు, మగవాళ్లకి 90 సెంటీమీటర్లు, ఆడవాళ్లకి 80. బరువు చూసే మిషన్ ఎక్కడానికి అందరూ రెడీ. నడుముకి టేపు పెట్టమంటే మాత్రం ఎక్కడలేని సిగ్గూ ముంచుకొస్తుంది.

పోనీ ఊరికే కూర్చుంటారా అంటే అదీ లేదు. మీరేదో కష్టకాలానికి దాచిపెట్టిన నిల్వ అని చాలామంది భ్రమ. మీరు ఒక ఫ్యాక్టరీ. ఐఎల్-6, టీఎన్‌ఎఫ్ లాంటి వాపు పుట్టించే రసాయనాలని పగలూ రాత్రీ రక్తంలోకి వదులుతూ ఉంటారు, అంటే యుద్ధమే లేని రోజుల్లో కూడా ఒంట్లో సైరన్ మోగుతూనే ఉంటుంది. తీరా నిజంగా వైరస్ వచ్చి పడ్డాక, మొట్టమొదట కేక వేయాల్సిన ఇంటర్‌ఫెరాన్ అనే రక్షణ ప్రోటీన్ మందకొడిగా స్పందిస్తుంది, ఆ సందులో వైరస్ లక్షణంగా పెరుగుతుంది, ఆ తర్వాత మేలుకున్న రోగనిరోధక వ్యవస్థ కంగారులో వైరస్‌తో పాటు ఊపిరితిత్తులనీ చితకబాదుతుంది. 2022లో ఇంకో సంగతి బయటపడింది. కరోనా వైరస్ మీ కణాల్లోకే దూరి పెరగగలదట, అక్కడున్న మాక్రోఫేజ్‌లనే రోగనిరోధక కణాలని కూడా రెచ్చగొట్టగలదట. వచ్చినవాడికి వసతి కూడా మీదేనన్నమాట!

ఇక గాలి. మనిషి వెల్లకిలా పడుకుంటే మీరు కింది నుంచి డయాఫ్రమ్‌ని, అంటే ఊపిరి ఆడించే కండరాన్ని, పైకి తోస్తారు, ఊపిరితిత్తుల అడుగు భాగం సరిగ్గా తెరుచుకోదు. మామూలు రోజుల్లో అది గురకతో సరిపోతుంది, న్యుమోనియా వచ్చిన రోజున అదే ఆక్సిజన్ మాస్కు దాకా వెళ్తుంది.

షుగర్ గురించి చెప్పకపోతే మీరు నొచ్చుకుంటారు. ఇన్సులిన్ మాట కండరాలూ కాలేయమూ వినకుండా చేయడంలో మీ చెయ్యి పెద్దదే కదా. ఇన్‌ఫెక్షన్ రాగానే కార్టిసాల్, అడ్రినలిన్ అనే ఒత్తిడి హార్మోన్లు పెరిగి షుగర్‌ని ఇంకా పైకి లేపుతాయి. షుగర్ పెరిగితే తెల్లరక్తకణాలు చురుగ్గా కదలలేవు, క్రిములని సరిగ్గా మింగలేవు. సరే, మందు ఇద్దామంటే, 2020 జూన్‌లో బ్రిటన్ ట్రయల్‌లో పనిచేస్తుందని తేలిన డెక్సామెథసోన్ వెంటిలేటర్ మీదున్నవాళ్లలో మరణాలని మూడో వంతు తగ్గించింది, నిజంగా ప్రాణాలు కాపాడిన మందు. కానీ స్టెరాయిడ్ స్టెరాయిడే, అది షుగర్‌ని మళ్లీ పెంచుతుంది. గోరుచుట్టు మీద రోకటి పోటు. డాక్టర్లు ఒక చేత్తో స్టెరాయిడ్, ఇంకో చేత్తో ఇన్సులిన్ పట్టుకుని నిలబడాల్సి వచ్చింది.

గుండె సంగతి మాత్రం కాస్త నెమ్మదిగా చెప్పుకోవాలి, ఎందుకంటే జనం దీన్నే అస్సలు పట్టించుకోరు. జ్వరం ఒక డిగ్రీ సెల్సియస్ పెరిగితే గుండె నిమిషానికి సుమారు పదిసార్లు ఎక్కువగా కొట్టుకుంటుంది. ఆరోగ్యంగా ఉన్న గుండెకి అదొక లెక్క కాదు. ఏళ్ల తరబడి బీపీకి ఎదురు తోసి తోసి గోడలు మందమైపోయి, రక్తనాళాల్లో కొవ్వు పేరుకుని దారి ఇరుకైన గుండెకి మాత్రం అది జీతం లేని ఓవర్‌టైమ్. పైగా వాపు వల్ల రక్తనాళాల లోపలి పొర దెబ్బతిని రక్తం గడ్డకట్టే గుణం పెరుగుతుంది, కట్టిన గడ్డ త్వరగా కరగకుండా అడ్డుపడే పీఏఐ-1 అనే పదార్థాన్ని మీరు ముందే దండిగా సరఫరా చేసి ఉంచుతారు. కరోనా ఒక్కటే కాదండోయ్. కెనడాలోని ఆంటారియోలో ఫ్లూ అని ల్యాబ్‌లో తేలినవాళ్ల రికార్డులు చూస్తే, ఆ మొదటి ఏడు రోజుల్లో గుండెపోటు రావడం మామూలు రోజుల కంటే సుమారు ఆరు రెట్లు ఎక్కువగా ఉందని 2018లో ప్రచురించారు. మరి ‘మామూలు జలుబూ జ్వరమే, టాబ్లెట్ వేసుకుని ఆఫీసుకొచ్చా’ అని గొప్పగా చెప్పుకునే వీరులందరికీ ఈ ముక్క ఎవరు చెప్పాలి?

మీ పాత రికార్డు కూడా ఉంది. 2009లో స్వైన్ ఫ్లూ వచ్చినప్పుడే ఊబకాయం ఉన్నవాళ్లకి జబ్బు ముదురుతోందని డాక్టర్లు గమనించారు. అప్పుడే ఎవరైనా సీరియస్‌గా తీసుకుని ఉంటే! తీసుకోలేదు, పదకొండేళ్ల తర్వాత మళ్లీ కొత్తగా ఆశ్చర్యపోయారు.

ఇక్కడొక మాట. ఎవరైనా వైరస్‌తో పోతే ‘బరువెక్కువ కదా, అందుకే’ అని పెదవి విరిచేవాళ్లకి ఈ ఉత్తరం ఆయుధం కాకూడదు. తిట్లు మీకేగానీ మిమ్మల్ని మోసేవాళ్లకి కాదు. జన్యువులు, నిద్ర లేకపోవడం, కొన్ని మందులు, రోజంతా కుర్చీకి కట్టేసే ఉద్యోగాలు, ఇన్ని దారుల్లో మీరు లోపలికి వస్తారు. పైగా వయసు ముందు మీరు కూడా చిన్నవారే. ఇంగ్లండ్‌లో కోటీ 70 లక్షల మందికి పైగా రికార్డులు చూసినప్పుడు, యాభైలలో ఉన్నవాళ్లతో పోలిస్తే 80 దాటినవాళ్లు కోవిడ్‌తో చనిపోయే ప్రమాదం 20 రెట్లు కనిపించింది. మీరు అస్సలు లేని సన్నటి, కుర్ర మనుషులు కూడా పోయారు. కాకపోతే వయసుని వెనక్కి తిప్పలేం, మీతో అయితే బేరం ఆడొచ్చు.

మీకు తెలిసిందే, అయినా గుర్తుచేస్తాను. మనిషి కాస్త కదిలితే లోపలున్న మీరే ముందు కరగడం మొదలుపెడతారు. బరువు మిషన్ మీద ముల్లు కదలకపోయినా సరే, వ్యాయామంతో మీరు తగ్గుతారు. చర్మం కింద చుట్టానికే ఓపిక ఎక్కువ. కాలిఫోర్నియాలో కోవిడ్ సోకిన 48 వేల మందికి పైగా రికార్డులు చూస్తే, అసలు కదలనివాళ్లు ఆస్పత్రిలో చేరే అవకాశం, వారానికి 150 నిమిషాలకు పైగా వ్యాయామం చేసేవాళ్లతో పోలిస్తే రెట్టింపు పైనే ఉంది. నడిచేవాళ్లు మొదటి నుంచీ ఆరోగ్యవంతులేమో అని మీ తరఫు లాయరు వాదించొచ్చు, అందులో కొంత నిజం ఉంది కూడా. కానీ ఇమ్యూనిటీ పెంచుతామని సీసా మీద రాసి ఉన్న ప్రతిదీ మారు మాట్లాడకుండా కొనేసిన జనం, ఈ ఒక్క విషయం దగ్గర మాత్రం ‘ఇంకా గట్టి రుజువులు కావాలి’ అంటారు చూడండి, అక్కడ మీ అదృష్టం మామూలుది కాదు.

ఇట్లు,
మిమ్మల్ని మోస్తున్న ఒక నడుము

తా.క.: 2020లో కొన్ని రకాల బీపీ మాత్రలు కరోనాని ముదరబెడతాయని పుకారు పుట్టి, మానేయాలా అని చాలామంది టెన్షన్ పడ్డారు. ఆ తర్వాత ట్రయల్ పెట్టి చూస్తే, కొందరికి మాత్రలు ఆపారు, కొందరికి కొనసాగించారు, ఆపినవాళ్లకి లాభమేమీ కనపడలేదు. కాబట్టి బీపీ మాత్రలు కొనసాగుతాయి. గుండెపోటు వచ్చినవాళ్లకి వెంటనే ఫ్లూ టీకా వేస్తే తర్వాతి ఏడాదిలో మరణాలు తగ్గాయని కూడా 2021లో తేలింది, అందుకని ఇంట్లో గుండె జబ్బున్న పెద్దవాళ్లకి టీకా సంగతి డాక్టర్‌ని అడగబోతున్నాం. ఈ రెండు విషయాల్లోనూ మిమ్మల్ని సంప్రదించలేదు, ఏమీ అనుకోకండి.