షరతులు చదువుకోలేదా నాయనా?

డబ్బు పెట్టి కొనుక్కున్న ఈ-బుక్ మాయమైందనో, ఇష్టమైన గేమ్ ఉన్నట్టుండి తెరుచుకోవడం మానేసిందనో ఎవరైనా ఆన్‌లైన్‌లో ఒక్క మాట అని చూడండి. రెండు నిమిషాలు తిరక్కుండానే ఒక మహానుభావుడు ప్రత్యక్షమవుతాడు. "షరతులు చదువుకోలేదా? నువ్వు తీసుకున్నది వస్తువు కాదు, వాడుకునే లైసెన్సు." అంతే, తీర్పు వచ్చేసింది. అప్పీలు లేదు.

ఈయనకి కంపెనీ జీతం ఇవ్వదు. కంపెనీకి ఈయన ఉన్నట్టే తెలియదు. అయినా పైసా ఆశించకుండా రేయింబవళ్లు కాపలా కాస్తాడు. కొండవీటి చాంతాడంత షరతుల పత్రాన్ని ఆసాంతం చదివి, ప్రతి క్లాజుకీ తలూపి, ఆ తర్వాతే 'అంగీకరిస్తున్నాను' నొక్కుతాడని మనం నమ్మాలి. సరే, నమ్ముదాం.

2009 జులైలో అమెజాన్ ఒక పని చేసింది. హక్కులు లేని సంస్థ ఒకటి తమ స్టోర్‌లో పెట్టిందన్న కారణంతో, జనం అప్పటికే కొనేసుకున్న ఈ-బుక్కులను, వాటిని చదివే తన పరికరాలైన కిండిల్స్‌లోంచి దూరాన్నుంచే తుడిచేసింది. ఆ పుస్తకాల్లో ఒకటి జార్జ్ ఆర్వెల్ '1984'. నిఘా ప్రభుత్వం పాత కాగితాలను మాయం చేసే నవల! ఇది నేను కల్పించి రాస్తే "మరీ ఇంత అతి ఎందుకండీ" అని సంపాదకుడే కొట్టేసేవాడు.

ఇదే పని కాగితం పుస్తకానికి చేయాలంటే ఎలా ఉండేదో చూడండి. అర్ధరాత్రి పుస్తకాల షాపు మనిషి తలుపు తీసుకుని లోపలికొస్తాడు. తాళంచెవి ఆయన దగ్గర ఒకటి ఉంటుంది, షరతుల్లో ఉంది కదా. మర్యాదస్థుడు, చెప్పులు బయటే విడిచాడు. టార్చి వేసి అలమార అంతా వెతుకుతాడు. పుస్తకం అక్కడ లేదు. ఇంటాయన దాన్ని గుండెల మీద బోర్లించుకుని గురక పెడుతున్నాడు. మెల్లగా లాగబోతే మెలకువ వచ్చేస్తుంది. "ఎవరండీ మీరు?" "పడుకోండి సార్, అప్‌డేట్." పుస్తకం చంకన పెట్టుకుని, దాని ఖరీదు తలగడ పక్కన లెక్కపెట్టి మరీ ఉంచుతాడు. "అందులో పెన్సిల్‌తో నోట్సు రాసుకున్నానయ్యా!" "అయ్యో, అవి మీవే సార్" అంటూ పుస్తకాన్ని దులిపి, రాలిన అక్షరాలన్నీ ఆయన దోసిట్లో పోస్తాడు. సరిగ్గా అప్పుడు గోడ అవతల నుంచి మన మహానుభావుడు తల పైకెత్తుతాడు. "పద్నాలుగో క్లాజు చూసుకున్నారా?" షాపు మనిషి కాస్త సిగ్గుపడి తల దించుకుంటాడు. ఈయన దించుకోడు.

ఆ నోట్సు సంగతి మాత్రం నా కల్పన కాదు. హైస్కూల్ కుర్రాడొకడు చదువు కోసం రాసుకున్న నోట్సు, పుస్తకం పోయాక, ఏ వాక్యం గురించో తెలియని మాటల కుప్పగా మిగిలింది. కోర్టుకెక్కాడు. అమెజాన్ 1,50,000 డాలర్లకు రాజీ చేసుకుంది. జెఫ్ బెజోస్ అంతటివాడు చేసింది తెలివితక్కువ పనేనని బహిరంగంగా క్షమాపణ చెప్పాడు. కంపెనీ తరఫున జీతం లేకుండా వాదించే మన మహానుభావుడు, ఆ వకీలు గారు మాత్రం ఇంకా ఒప్పుకోలేదు.

ఇంతకీ ఆ షరతుల్లో "వీటిని ఎప్పుడైనా మార్చే హక్కు మాకుంది" అనే ముక్క కూడా ఉంటుంది. మీరు చదివింది నిన్నటిది, వర్తించేది ఇవాళ్టిది. 2010 ఏప్రిల్‌లో సోనీ ఒక అప్‌డేట్ పంపి, తన గేమింగ్ యంత్రం పీఎస్3లో లినక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ వేసుకునే వీలు తీసేసింది. అప్‌డేట్ వద్దంటే ఆన్‌లైన్ ఆటలు బంద్. 2024 మార్చి 31న యుబిసాఫ్ట్ అనే గేమ్ కంపెనీ తన 'ద క్రూ' గేమ్ సర్వర్లు ఆపేసింది. ఒక్కడే కూర్చుని ఆడుకుంటానన్నా ఆ గేమ్ ఇక నడవదు. ఈ గొడవంతా చూసి కాలిఫోర్నియా ఒక చట్టం తెచ్చింది. 2025 జనవరి 1 నుంచి, అమ్ముతున్నది లైసెన్సు మాత్రమేనని కొనేముందే స్పష్టంగా చెప్పాలట. అంటే దోపిడీ ఆగదు, బోర్డు పెడతారు.

ఇంతవరకూ నవ్వుకోవచ్చు. ఇక్కడి నుంచి నాకు నవ్వు రావడం లేదు.

అమెరికాలో 1998 నాటి డీఎంసీఏ అనే కాపీరైట్ చట్టం ప్రకారం, కాపీ చేయకుండా కంపెనీ వేసిన డిజిటల్ తాళం తీయడమే తప్పు, లోపలున్నది మీరు కొన్న పుస్తకమే అయినా. మినహాయింపులు మూడేళ్లకోసారి ఇస్తారు. చూపులేని పాఠకులు తాము కొన్న ఈ-బుక్‌ను యంత్రం చేత చదివించుకోవడానికి కూడా ఆ మినహాయింపే దిక్కు. గడువు తీరగానే మళ్లీ అడుక్కోవాలి. 2009లో కిండిల్ 2 పుస్తకాన్ని పైకి చదివి వినిపిస్తే అమెరికా రచయితల సంఘం ఆథర్స్ గిల్డ్ అభ్యంతరం చెప్పింది. ఆడియో హక్కులు వేరట! ఏ పుస్తకం నోరు మూయించాలో తేల్చుకోమని అమెజాన్ ఆ మీటను హక్కుదారుల చేతికే ఇచ్చేసింది. ఆ చూపులేని పాఠకుడు దొంగిలించలేదయ్యా, అందరితో సమానంగా డబ్బు కట్టాడు! దొంగ కాపీ దించుకున్నవాడికి ఏ తాళమూ అడ్డురాదు, డబ్బు కట్టినవాడికే అన్ని సంకెళ్లూ. దీన్ని సమర్థించడానికి సిగ్గుండాలి. ఆయన్ని కూడా షరతులు చదువుకోలేదా అని అడుగుతారా? ఎలా చదువుతాడు? చదివిపెట్టే గొంతునే నొక్కేశారు కదా!

"మరి రచయితలు బతకొద్దా?" అని చివరి అస్త్రం తీస్తారు. బతకాలి, ఆ బాధ నాకూ ఉంది, ఈ కాలమ్ గాలికి రాయడం లేదు. కానీ 2012లో టోర్ బుక్స్ అనే ప్రచురణ సంస్థ తన ఈ-బుక్కులకు తాళాలు తీసేసింది. ఏడాది తర్వాత లెక్క చూసుకుని, పైరసీ పెరిగిన జాడేమీ కనబడలేదని వాళ్లే చెప్పారు. ఈ మాట అనగానే మన వకీలు గారు "ఆధారం ఏది?" అంటారు. చూపిస్తే, ఇక ఆ పూటకి కనబడరు.