లైన్‌మన్ కొలువుకు అప్రెంటిస్‌షిప్పే దారి కావాలి

జూనియర్ లైన్‌మన్ (జేఎల్‌ఎం) పోస్టులకు నోటిఫికేషన్ వస్తోందన్న మాట చెవిన పడితే చాలు, ఐటీఐ పూర్తిచేసిన కుర్రాళ్లు ఒకవైపు ఆబ్జెక్టివ్ ప్రశ్నలు బట్టీ పడుతూ, మరోవైపు ఊరి చివర ఖాళీ స్తంభం ఎక్కడం సాధన చేస్తూ కనిపిస్తారు. రాత పరీక్షలో మార్కులు తెచ్చుకుని, స్తంభం ఎక్కి చూపిస్తే తెలంగాణలో జేఎల్‌ఎం కొలువు చేతికొచ్చినట్టే. ఆంధ్రప్రదేశ్‌లో 2019లో గ్రామ సచివాలయాల ఎనర్జీ అసిస్టెంట్ల ఎంపికకు స్తంభం ఎక్కడంతోపాటు సైకిల్ తొక్కడం, మీటర్ రీడింగ్ తీయడం కూడా పరీక్షించారు. అయితే 11 కేవీ, అంటే 11 వేల వోల్టుల, లైను కింద నిలబడి, ‘ఇందులో కరెంటు లేదు’ అని ఆ అభ్యర్థి రూఢిగా తేల్చుకోగలడా లేదా అన్నది ఈ పరీక్షల్లో ఏదీ చెప్పదు. లైన్‌మన్ ప్రాణం ఆధారపడి ఉన్నది ఆ ఒక్క నిర్ధారణ మీదనే. అది అనుభవజ్ఞుడి పక్కన నిలబడి ఏళ్ల తరబడి నేర్చుకోవలసిన విద్య కాబట్టి, విద్యుత్ పంపిణీ సంస్థలైన డిస్కంలు ఈ నియామకాలను అప్రెంటిస్‌షిప్ ద్వారా మాత్రమే చేపట్టాలని నేను గట్టిగా నమ్ముతున్నాను.

ఆ విద్య ఎంత లోతైనదో బయటివారికి తెలియదు. లైను మీద పనికి ముందు సబ్‌స్టేషన్ నుంచి ఎల్‌సీ, అంటే సరఫరా ఆపామని చెప్పే లైన్ క్లియర్ అనుమతి, తీసుకోవాలన్నది పుస్తకంలోనూ ఉంటుంది. కానీ ఒకే స్తంభాల మీద రెండు ఫీడర్లు (సబ్‌స్టేషన్ నుంచి వచ్చే సరఫరా లైన్లు) నడిచే చోట, తాను ఎల్‌సీ తీసుకున్నది ఏ ఫీడర్‌కో, చేయి పెట్టబోతున్నది ఏ ఫీడర్ మీదో పోల్చుకోవడానికి ఆ మార్గమంతా నడిచి చూసిన కాళ్లు కావాలి. లైనులో సరఫరాను విడదీసే ఏబీ స్విచ్ హ్యాండిల్ కిందికి లాగినంత మాత్రాన మూడు బ్లేడ్లూ విడిపోయినట్టు కాదు. తుప్పు పట్టి ఒకటి అతుక్కునే ఉండవచ్చు, కాబట్టి తల పైకెత్తి మూడింటినీ విడివిడిగా చూసే అలవాటు ఒంట బట్టాలి. సబ్‌స్టేషన్‌లో సరఫరా నిజంగానే ఆగిపోయినా, కల్యాణ మండపంలోనో రైస్ మిల్లులోనో జనరేటర్ కరెంటు లైనులోకి పోకుండా ఆపే సరైన ఛేంజోవర్ స్విచ్ లేకుండా జనరేటర్ ఆన్ చేస్తే, ఆ కరెంటు ట్రాన్స్‌ఫార్మర్‌లోకి వెనుక నుంచి చేరి, 11 కేవీగా మారి, చచ్చిందనుకున్న లైనుకు మళ్లీ ప్రాణం పోస్తుంది. అందుకే టెస్టర్‌తో చూసుకున్న తర్వాత కూడా, పనిచేసే చోటుకు రెండు వైపులా తీగలను కలిపి ఎర్త్ చేయకుండా చేయి వేయకూడదు. వర్షంలో, రాత్రిపూట, కరెంటు ఎప్పుడొస్తుందని ఊరంతా ఫోన్లు చేస్తున్న వేళ, ఈ వరుసలో ఒక్క మెట్టు కూడా దాటవేయని నిగ్రహమే ఈ వృత్తిలో అసలైన నైపుణ్యం. దానిని నాలుగు ఐచ్ఛికాల ప్రశ్న కొలవలేదు. స్తంభం ఎక్కిన వేగం అసలే కొలవలేదు.

అప్రెంటిస్‌షిప్ మనకు లేదా అంటే ఉంది. 1961 నాటి అప్రెంటిస్‌ల చట్టం ఉంది. 30 మంది, ఆపైన సిబ్బంది ఉన్న సంస్థలు తమ బలగంలో రెండున్నర నుంచి 15 శాతం మేరకు అప్రెంటిస్‌లను తీసుకోవాలన్న 2019 నాటి నిబంధన ఉంది. ఐటీఐ సర్టిఫికెట్ ఉన్నవారికి అప్పట్లో అదే నిబంధనల్లో నిర్ణయించిన కనీస స్టైపెండ్ నెలకు 7 వేల రూపాయలు. కొరత ఉన్నది ఆ తర్వాతి అంకంలో. చట్టంలోని 22వ సెక్షన్ ఒకప్పుడు అప్రెంటిస్‌కు ఉద్యోగం ఇవ్వాల్సిన బాధ్యత యజమానికి లేదని సూటిగానే చెప్పేది. 2014 సవరణ తర్వాత, శిక్షణ ముగించినవారిని నియమించుకునే విధానాన్ని ప్రతి సంస్థా స్వయంగా రూపొందించుకోవాలని అంటోంది. విధానం రూపొందించుకోమనడమే తప్ప, అందులో ఏం ఉండాలో ఆ సెక్షన్ చెప్పదు. ఏడాది పాటు లైన్ల వెంట తిరిగిన యువకుడు సర్టిఫికెట్ పుచ్చుకుని బయటికొచ్చి, లైను ముఖమే చూడని అభ్యర్థితో కలిసి అదే కోచింగ్ కేంద్రంలో అదే బెంచీ మీద కూర్చోవలసి వస్తోంది.

ఇంతకంటే బాధాకరమైన విషయం మరొకటి ఉంది. నిజమైన అప్రెంటిస్‌షిప్ మన పల్లెల్లో ఎప్పటినుంచో నడుస్తూనే ఉంది, కాకపోతే దానికి పేరు లేదు. చాలా ఊళ్లలో లైన్‌మన్ వెంట ఒక ప్రైవేటు హెల్పర్ ఉంటాడు. ఏ రిజిస్టరులోనూ అతని పేరు ఉండదు. జీతం లైన్‌మన్ జేబులోంచో, మోటారు బాగుచేయించుకున్న రైతు చేతిలోంచో వస్తుంది. ఫ్యూజు వేసేది, తీగలను కలిపే జంపర్ బిగించేది, అర్ధరాత్రి స్తంభం ఎక్కేది చాలాసార్లు అతనే. గురువు పక్కన పనిలోనే నేర్చుకోవడమన్న అప్రెంటిస్‌షిప్ సారమంతా అతని జీవితంలో ఉంది. దానికి రక్షణగా నిలవాల్సిన ఒప్పందం, బెల్టు, గ్లౌజులు, పరిహారం మాత్రం లేవు. అధికారిక అప్రెంటిస్ గాయపడితే యజమాని పరిహారం చెల్లించాలని అదే 1961 చట్టం చెబుతోంది. ఈ కుర్రవాడు స్తంభం మీద నుంచి పడితే, అతను అక్కడ ఎందుకున్నాడో తమకు తెలియదన్న జవాబే వస్తుంది. సంస్థ అవసరాన్ని గుర్తించి, మనిషిని గుర్తించకపోవడం అన్యాయం.

రాత పరీక్ష తీసేస్తే పైరవీలు రాజ్యమేలుతాయని, రిజర్వేషన్ రోస్టరు గాలికి పోతుందని, దొడ్డిదారి నియామకాలు చెల్లవని 2006లో ఉమాదేవి కేసులో సుప్రీంకోర్టు స్పష్టం చేసిందని కొందరు అభ్యంతరం చెబుతారు. వారి భయం అర్థం చేసుకోదగినదే. అయితే పోటీని ఎత్తివేయమని ఇక్కడ ఎవరూ అడగడం లేదు. దాన్ని ఉద్యోగ ద్వారం దగ్గర నుంచి శిక్షణ ద్వారం దగ్గరికి జరపమని అడుగుతున్నాం. బహిరంగ ప్రకటన, ఐటీఐ మార్కులు, రోస్టరు అన్నీ అప్రెంటిస్ ఎంపికలోనే పాటించవచ్చు. మిగతా అర్హతలు సమానమైనప్పుడు నేరుగా వచ్చినవారి కంటే శిక్షణ పొందిన అప్రెంటిస్‌కే ప్రాధాన్యం ఇవ్వాలని ఉత్తరప్రదేశ్ రోడ్డు రవాణా సంస్థ కేసులో 1995లోనే సుప్రీంకోర్టు చెప్పింది. రాత పరీక్ష పవిత్రత సంగతికొస్తే, దక్షిణ తెలంగాణ డిస్కం వెయ్యి జేఎల్‌ఎం పోస్టులకు 2022 జులైలో నిర్వహించిన పరీక్షను అక్రమాలు బయటపడి రద్దు చేయాల్సి వచ్చింది. ఒక్క పూట పరీక్షను కొనుక్కోవచ్చు. మూడేళ్లు స్తంభాల మధ్య చేసిన పనిని కొనుక్కోవడం అంత తేలిక కాదు.

అమెరికాలో ఈ వృత్తికి శిక్షణ సుమారు 7 వేల గంటలు, అంటే మూడున్నర ఏళ్లకు పైమాటే. మెట్టు మెట్టుకూ కూలి పెరుగుతుంది. అది కంపెనీల దయాధర్మం కాదు. 1891లో సెయింట్ లూయిస్ నగరంలో సమావేశమై విద్యుత్ కార్మికుల సంఘాన్ని స్థాపించిన పది మందికి శిక్షణ లేని పని ఎంతమందిని బలి తీసుకుంటోందో తెలుసు. ఆ సంఘం తొలి అధ్యక్షుడు హెన్రీ మిల్లర్ స్వయంగా లైన్‌మన్. 1896లో వాషింగ్టన్‌లో పనిచేస్తుండగా షాక్ కొట్టి స్తంభం మీద నుంచి పడి చనిపోయాడు. అక్కడివారు ప్రాణాలు పోగొట్టుకుని నేర్చుకున్న పాఠం మనకు సిద్ధంగా ఉంది.

నిజానికి పరాయి దేశం వైపు చూడనక్కర కూడా లేదు. మగ్గం ముందు, కంసాలి కుంపటి దగ్గర, తాపీమేస్త్రీ వెనుక పని నేర్చుకున్న సమాజం మనది. ఎప్పుడో ఒకప్పుడు మనం చేతిపనిని చిన్నచూపు చూడటం మొదలుపెట్టి, నైపుణ్యమంటే ఓఎంఆర్ పత్రం మీద నింపిన గుండ్రాలే అనుకోవడానికి అలవాటు పడ్డాం. ఆ అలవాటుకు గుమాస్తా కొలువులో చెల్లించే మూల్యం ఒక తప్పు ఫైలు. లైను మీద చెల్లించే మూల్యం ఒక కుటుంబం.

కాబట్టి డిస్కంలు రూపొందించుకునే విధానం కనీసం ఇలా ఉండాలి. శిక్షణ మూడేళ్లు. మొదటి ఆరు నెలలు కరెంటు లేని శిక్షణ యార్డులోనే. తర్వాత తక్కువ వోల్టేజీ ఎల్‌టీ లైన్లు, ఆపైన 11 కేవీ. ఏటా స్టైపెండ్ పెరగాలి, చివరి ఏడాది జేఎల్‌ఎం మూల వేతనానికి దగ్గరగా చేరాలి. పేరున్న సీనియర్ లైన్‌మన్ ఒకరు సంతకం పెట్టనిదే ఏ అప్రెంటిస్ పేరు మీదా ఎల్‌సీ ఇవ్వకూడదు. నేర్పినందుకు ఆ సీనియర్‌కు ప్రత్యేక భత్యం ఇవ్వాలి. ముగింపులో లైను మీదే ప్రయోగ పరీక్ష పెట్టి, నెగ్గినవారిని ఖాళీల మేరకు నేరుగా నియమించాలి. తొలి బ్యాచ్‌లో సగం సీట్లు, ఈరోజు ఏ రిజిస్టరులోనూ లేని ఆ ప్రైవేటు హెల్పర్లకు కేటాయించి, వారు పనిచేసిన ఏళ్లను స్థానిక సెక్షన్ ఏఈ (అసిస్టెంట్ ఇంజినీర్) చేత ధ్రువీకరింపజేసి, అన్ని ఏళ్ల మేరకు వయోపరిమితి సడలించాలి.