ఒక్క పెట్టె మీద మూడు లేబుళ్లు: తేడా ఎవరు చెప్పాలి?

గుంటూరు బ్రాడీపేటలో మా వదిన పచ్చళ్లు, కారప్పొడి ఆన్‌లైన్‌లో అమ్ముతుంది. ముందుగది నిండా సీసాలు, అట్టపెట్టెలు, టేపు చుట్టలే. మే నెలలో నేను అక్కడున్న రోజే ఒక పికప్ ఆగిపోయింది. గోంగూర పచ్చడి పెట్టె అది. పికప్‌కి వచ్చిన అబ్బాయి ఫోన్‌ని ఓసారి దగ్గరగా, ఓసారి దూరంగా పెట్టి చూశాడు. "అక్కా, స్కాన్ అవ్వట్లేదు. మళ్లీ ప్రింట్ తీసివ్వండి" అన్నాడు. అప్పటికే కరెంటు పోయి ఉంది. అతనికి ఇంకా చాలా ఇళ్లు తిరగాల్సి ఉండటంతో వెళ్లిపోయాడు. ఆ ఆర్డర్ ఆలస్యం కింద నమోదైంది. తర్వాత వచ్చిన పేమెంట్‌లో కొంత కట్ అయింది. ఎందుకు కట్ అయిందంటే స్టేట్‌మెంట్‌లో ఒక ఇంగ్లిష్ పొడిమాట తప్ప ఇంకేమీ లేదు.

ఆ లేబుల్ నేను వెలుతురులో పెట్టి చూశాను. సీసా మూత దగ్గర చెమ్మగిల్లిన నూనె కవరు దాటి లేబుల్ అంచుకు పాకింది. తగిలినంత మేర నల్లగీతలు బూడిదరంగుకు తిరిగాయి. అడ్రస్ మాత్రం చక్కగా చదవొచ్చు. మనిషికి కనపడేది మెషీన్‌కి కనపడలేదు.

కొరియర్ లేబుళ్లకు ఇళ్లలో వాడే ప్రింటర్లలో ఎక్కువ వాటికి ఇంకు ఉండదు. కాగితం మీదున్న పూత వేడి తగిలితే నల్లబడుతుంది, అచ్చు అలాగే పడుతుంది. అదే పూత నూనె తగిలినా, ఎండలో ఉన్నా వెలిసిపోతుంది. ఎక్కువ వేడి తగిలితే కాగితమంతా నల్లబడుతుంది. పచ్చళ్ల వ్యాపారం, బెజవాడ-గుంటూరు ఎండలు, ఈ కాగితం మూడూ ఒకచోట చేరితే ఏమవుతుందో ఊహించుకోండి. రిబ్బన్‌తో అచ్చువేసే ప్రింటర్ అయితే గీతలు ఎక్కువ కాలం నిలుస్తాయి, ఖర్చు కూడా ఎక్కువే. అది కొనలేనివాళ్లు సీసాని విడిగా సీల్ చేసి, పెట్టె పైభాగం శుభ్రంగా తుడిచి, లేబుల్‌ని అన్నిటికన్నా చివర అంటిస్తే చాలావరకు గట్టెక్కుతారు. ఈ చిన్న మాట మా వదినకి రెండేళ్లలో ఎవరూ చెప్పలేదు. నా బాధంతా అక్కడే.

లేబుల్ నిబంధనలు వద్దని నేననను. కొన్నవాడికి ఏం కొన్నాడో తెలియాలి, పార్శిల్ దారి తప్పకూడదు. కానీ ఒకే పెట్టె మీద మూడు లేబుళ్లు పడొచ్చు. వాటి రూల్స్ పెట్టేవాళ్లు వేరువేరు. అమ్మేవాళ్లలో చాలామందికి అన్నీ కలిపి "బార్‌కోడ్" అనే ఒక్క మాటే.

మొదటిది సరుకు మీద ఉండే లేబుల్. దాని మీది 13 అంకెల బార్‌కోడ్ సరుకుకి పేరు లాంటిది. 1974 జూన్ 26న అమెరికాలోని ఒహాయో రాష్ట్రం ట్రాయ్ పట్టణంలో ఒక సూపర్‌మార్కెట్‌లో చూయింగ్ గమ్ ప్యాకెట్‌తో మొదలైన పద్ధతి ఇది. మన దేశంలో ఈ నంబర్లు ఇచ్చేది జీఎస్1 ఇండియా. కేంద్ర వాణిజ్య శాఖ, పరిశ్రమ సంఘాలు కలిసి 1996లో దాన్ని ఏర్పాటు చేశాయి. అక్కడ తీసుకున్న నంబర్లు 890తో మొదలవుతాయి. 890 ఉంటే ఇండియాలో తయారైందని వాట్సాప్‌లో తిరిగే మాట తప్పు. ఆ కంపెనీ ఇక్కడ నమోదైందని మాత్రమే దాని అర్థం.

ఇక్కడే మనవాళ్లు ఎక్కువగా మోసపోతున్నారు. చవగ్గా నంబర్లు అమ్మే వెబ్‌సైట్లు బోలెడున్నాయి. వాళ్లిచ్చే నంబరు ఎప్పుడో వేరే కంపెనీ పేరు మీద నమోదై ఉంటుంది. అమెజాన్ లాంటి వేదికలు ఆ నంబరుని జీఎస్1 జాబితాతో పోల్చి చూస్తాయి, పేరు కలవకపోతే లిస్టింగ్ ఆపేస్తాయి. డబ్బు పోతుంది, అచ్చువేయించిన కవర్లూ పోతాయి.

చేనేతకి ఇంకో చిక్కు ఉంది. ఒకే చీర ఎనిమిది రంగుల్లో ఉంటే ఎనిమిది నంబర్లు కావాలి. మంగళగిరి మగ్గం మీద దిగే చీరలు, కొండపల్లిలో తెల్లపొణికి చెక్కతో చేసే బొమ్మలు ఒకటి ఇంకోదానిలా ఉండవు. ఫ్యాక్టరీ సరుకుని దృష్టిలో పెట్టుకుని పుట్టిన పద్ధతిలో వీటిని ఇరికించాలంటే కష్టమే. అందుకే సొంత బార్‌కోడ్ లేని చేతి వస్తువులకు అమెజాన్‌లో మినహాయింపు అడగొచ్చు. అది తెలియక అవసరం లేని నంబర్లకు డబ్బు కట్టినవాళ్లు నాకు తెలుసు.

ఇదే లేబుల్ మీద చట్టం అడిగే వివరాలూ ఉండాలి. 2011 నాటి ప్యాకేజ్డ్ కమోడిటీస్ రూల్స్ ప్రకారం తయారీదారు పేరు, అడ్రస్, సరుకు పేరు, నికర బరువు, తయారైన నెల, సంవత్సరం, పన్నులన్నీ కలిపి ఎంఆర్‌పీ, ఫిర్యాదుకి ఫోన్ నంబరు వేయాలి. చూసేది తూనికలు కొలతల శాఖ. తినేవాటికైతే కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ వారి 14 అంకెల నంబరు, శాకాహారానికి ఆకుపచ్చ గుర్తు అదనం. ఈ రూల్స్‌లో ఒక మాట మన దగ్గర చాలామందికి తెలియదు. వివరాలు హిందీలో గానీ ఇంగ్లిష్‌లో గానీ ఉండాలి, తెలుగు అదనంగా వేసుకోవచ్చు. గుంటూరు లాలాపేటలో అమ్ముకునే కారం ప్యాకెట్ అయినా తెలుగు ఒక్కటే ఉంటే చట్టానికి సరిపోదు. ఇది మారాలని గట్టిగా అడగాల్సింది మన ప్రజాప్రతినిధులే.

రెండోది గోదాం స్టిక్కర్. సరుకుని అమెజాన్ గోదాంలో పెట్టి అమ్మేవాళ్లకి సాధారణంగా ఎక్స్ అక్షరంతో మొదలయ్యే కోడ్ ఒకటి ఇస్తారు. అది అంటించేటప్పుడు పాత బార్‌కోడ్ కనపడకుండా కప్పేయాలి. రెండూ కనపడితే స్కానర్ ఏది ముందు దొరికితే దాన్నే చదువుతుంది. మూడోది కొరియర్ లేబుల్, మా వదినని ముంచింది.

అచ్చులో చేసే పొరపాట్లు మూడు చోట్లా దాదాపు ఒకటే. బార్‌కోడ్‌కి అటూఇటూ ఖాళీ తెలుపు వదలాలి. డిజైన్ అందంగా రావాలని ఆ ఖాళీలోకి బొమ్మలు జరిపితే స్కానర్‌కి మొదలు ఎక్కడో తెలియదు. ఎర్ర గీతలతో బార్‌కోడ్ వేయకూడదు, ఎర్ర కాంతితో చదివే స్కానర్‌కి ఎరుపు తెలుపులాగే కనపడుతుంది. కారం ప్యాకెట్ కదా అని ఎరుపు ఎంచుకునేవాళ్లకి ఇది ముందే తెలియాలి. సరుకు మీది 13 అంకెల బార్‌కోడ్ మామూలు వెడల్పు 37.29 మిల్లీమీటర్లు, తగ్గించినా అందులో 80 శాతం కన్నా చిన్నది కాకూడదు. సన్నటి సీసాకి గీతల్ని నిచ్చెన మెట్లలా తిప్పి వేస్తే వంపులో కలిసిపోవు. కొరియర్ బార్‌కోడ్ మీద టేపు ముడతలు పడేలా అంటించకూడదు.

ఇదంతా ఒక పూటలో నేర్పగలిగిన విద్య. నేర్పాల్సిన బాధ్యత మొదట అమ్మకం వేదికలది. కమీషన్ తీసుకునేది వాళ్లు, కోత వేసేది వాళ్లు. యాప్‌లో కొనేవాళ్లకి తెలుగు పెట్టినవాళ్లు అమ్మేవాళ్ల లేబుల్ మార్గదర్శకాలని తేలికైన తెలుగులో పెట్టలేరా? లేబుల్ తప్పని డబ్బు కట్ చేసినప్పుడు ఆ లేబుల్ ఫొటో చూపించాలి. స్కాన్ కానిది కాగితం వల్లా, టేపు వల్లా, గీతల సైజు వల్లా అనేది రాయాలి. పికప్ అబ్బాయి ఫోన్‌లో కెమెరా ఉంది, అక్కడికక్కడే ఒక ఫొటో తీస్తే సరిపోతుంది. జిల్లా పరిశ్రమల కేంద్రాలు కూడా నెలకోసారి ఒక గదిలో ప్రింటర్, స్కానర్ పెట్టి, సరుకు తెచ్చుకున్నవాళ్ల లేబుళ్లు పరీక్షించి పంపొచ్చు. విజయవాడ వన్‌టౌన్ బట్టల కొట్లవాళ్లు, కొండపల్లి బొమ్మలవాళ్లు, గుంటూరు పచ్చళ్లవాళ్లు వస్తారు. టెన్షన్ పడి ఎవరినో అడిగి, వాళ్లు చెప్పింది నమ్మి మళ్లీ నష్టపోవడం తప్పుతుంది.

మా వదిన ఇప్పుడు పెట్టె మూసేముందు ప్రతి లేబుల్‌ని తన ఫోన్‌తో స్కాన్ చేసి చూసుకుంటోంది. కోసిన డబ్బుకి కారణం అడుగుతూ పెట్టిన ఫిర్యాదుకి మాత్రం ఇంకా జవాబు రాలేదు.