షుగర్ ఒక్కటే చూస్తే కిడ్నీ సంగతి తెలియదు

అనంతపురం జిల్లాలో షుగర్ ఉన్నవాళ్లను అడిగి చూడండి. పరగడుపున ఎంతో, తిన్నాక ఎంతో ఠక్కున చెప్తారు. మూత్రంలో అల్బుమిన్ అనే ప్రొటీన్ ఎంత పోతోందంటే మాత్రం చాలామంది తెల్లమొహం వేస్తారు. ఆ పరీక్ష వాళ్లకు ఎవరూ రాయలేదు.

రక్తంలో చక్కెర ఏళ్ల తరబడి ఎక్కువగా ఉంటే అది ప్రొటీన్లకు అంటుకుని వాటి తీరునే మార్చేస్తుంది. అవి కిడ్నీ కణాలను రెచ్చగొడతాయి. కణాలు పంపే సంకేతాలకు మాక్రోఫేజ్‌లనే రక్షణ కణాలు వచ్చి చేరతాయి. క్రిమి లేదు, గాయం లేదు, అయినా లోపల ఇన్‌ఫ్లమేషన్, అంటే వాపు మంట, రగులుతూనే ఉంటుంది. చివరికి మచ్చలు కట్టి వడపోత దెబ్బతింటుంది, అల్బుమిన్ మూత్రంలోకి జారిపోతుంది. ఇంత జరుగుతున్నా నొప్పి తెలియదు.

రక్తంలో క్రియాటినిన్, అంటే కిడ్నీ వడపోసి బయటకు పంపే వ్యర్థం, నార్మల్ అంటే ఊపిరి పీల్చుకుంటాం. కానీ కిడ్నీ పనిలో దాదాపు సగం పోయేదాకా అది పెరగకపోవచ్చు. మూత్రంలో అల్బుమిన్, క్రియాటినిన్ నిష్పత్తి గ్రాము క్రియాటినిన్‌కు 30 మిల్లీగ్రాముల అల్బుమిన్ దాటి, మూడు నెలల్లో మళ్లీ చేసినా అలాగే ఉంటే జాగ్రత్త పడాల్సిందే. టైప్ 2 షుగర్ బయటపడిన రోజే ఈ పరీక్ష చేయాలి, ఆపై ఏటా చేయాలి.

మన దగ్గర ఇంకో చిక్కుంది. చెనిక్కాయ చేలో ఎండకు పనిచేసి, ఒళ్లు నొప్పులకు ఆర్‌ఎంపీ దగ్గర డైక్లోఫెనాక్ సూది వేయించుకుంటారు. అది మోకాలి వాపు తగ్గిస్తుందేమో గానీ, షుగర్ వల్ల కిడ్నీలో రగిలేదాన్ని ఆర్పదు. పైగా కిడ్నీకి రక్తం తగ్గిస్తుంది. చెమటపట్టి, నీళ్లు చాలని ఒంటికి అది మరీ ముప్పు. కూలికి పోకపోతే పూట గడవని మనిషిని తప్పుపట్టి లాభం లేదు. అతని మోకాళ్లకు వేరే వైద్యం చూపాలి.

ముందే పట్టుకుంటే మందులున్నాయి. లోసార్టాన్, టెల్మిసార్టాన్ లాంటి బీపీ మాత్రలు అల్బుమిన్ పోవడాన్ని తగ్గిస్తాయి. డాపాగ్లిఫ్లోజిన్ అనే షుగర్ మాత్ర కిడ్నీ చెడే వేగాన్ని తగ్గిస్తుంది. 2020లో పేటెంట్ ముగిశాక దాని ధర బాగా దిగింది. ఇన్‌ఫ్లమేషన్‌ను, మచ్చలు కట్టడాన్ని తగ్గించేలా పనిచేసే ఫినెరెనోన్ కూడా వచ్చింది. ఎవరికి ఏది సరిపోతుందో డాక్టరే తేల్చాలి.

ప్రభుత్వం డయాలసిస్ ఖర్చు భరిస్తోంది, అది మంచిదే. అయినా వారానికి రెండు మూడుసార్లు, ఒక్కోసారి నాలుగు గంటలు మిషన్ పక్కన పడుకోవాల్సిన మనిషికి ఆ రోజుల కూలి ఎవరిస్తారు? ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో బీపీ, షుగర్ చూసే రోజునే మూత్రం కూడా తీసుకోవాలి. అల్బుమిన్ ఎంతుందో షుగర్ పుస్తకంలో రాసివ్వాలి.