తిరుపతి బజారు భాషలు జర్నల్ గడప ఎందుకు ఎక్కడం లేదు?

తిరుపతిలో గోవిందరాజస్వామి ఆలయం చుట్టుపక్కల పూసల దండలు, కుంకుమ, ఇత్తడి విగ్రహాలు అమ్మేవారిలో చాలామంది తమిళంలో పిలిచి, కన్నడంలో ధర చెప్పి, హిందీలో బేరం తెగ్గొట్టగలరు. వీరిలో ఎక్కువమంది ఆ భాషల కోసం ఏ తరగతి గదిలోనూ కూర్చున్నవారు కారు. ఒక దుకాణంలో అట్టపెట్టె మూత లోపలివైపు యజమానురాలు తెలుగు లిపిలో రాసిపెట్టుకున్న చిన్న పట్టిక కనిపించింది. ‘డేఢ్ సౌ’ ఎదురుగా 150, ‘ఢాయీ సౌ’ ఎదురుగా 250, ‘సాఢే తీన్ సౌ’ ఎదురుగా 350. ఏక్, దో, తీన్ అందులో లేవు. అవి ఆమెకు ఎప్పుడో వచ్చేశాయి. బేరం తడబడేది ఈ సగాల దగ్గరే కాబట్టి వాటినే ఏరుకుని రాసుకున్నారు. తనకు ఏది రాదో తానే గుర్తించి, ఏది నేర్చుకోవాలో తానే నిర్ణయించుకుని, వచ్చిందో లేదో తరువాతి గిరాకీతోనే తేల్చుకునే ఈ పద్ధతినే విద్యాశాస్త్రం స్వయంనిర్దేశిత అభ్యసనం అంటుంది.

దీన్ని పరిశోధించడానికి ఈ ప్రాంతంలో సంస్థలకు కొదవ లేదు. 1954లో ఏర్పడిన శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం, 1983 నాటి శ్రీ పద్మావతి మహిళా విశ్వవిద్యాలయం, జాతీయ సంస్కృత విశ్వవిద్యాలయం ఈ ఊళ్లోనే ఉన్నాయి. తెలుగు, తమిళ, కన్నడ సీమలు కలిసే కుప్పంలో 1997లో ద్రావిడ విశ్వవిద్యాలయం పెట్టిందే దక్షిణాది భాషలను కలిపి చూడడానికి. అయినా సొంతంగా భాష నేర్చుకోవడంపై ఇక్కడి నుంచి పరిశోధన జర్నళ్లకు వెళ్లే పత్రాల్లో నా కంటబడినవి దాదాపు ఒకే అచ్చులో ఉన్నాయి. ఒక కాలేజీ, గూగుల్ ఫామ్‌లో ఒక ప్రశ్నావళి, ఇంగ్లిష్ నేర్చుకోవడానికి మొబైల్ యాప్ ఉపయోగపడిందా అన్న ప్రశ్నకు అయిదు మెట్ల జవాబులు, చివర శాతాల పటం, ఉపయోగపడిందన్న ముగింపు.

ఇటువంటి పత్రం తిరిగొచ్చినప్పుడు ఇంగ్లిష్ సరిగా లేదని వెనక్కి పంపారని సర్దిచెప్పుకోవడం స్కాలర్లలో మామూలు. భాషను దిద్దించుకునే సాధనాలు ఇప్పుడు అరచేతిలో ఉన్నాయి. కృత్రిమ మేధ సాయం తీసుకుంటే ఆ సంగతి వెల్లడించమనే చాలా జర్నళ్లు అడుగుతున్నాయి తప్ప భాష దిద్దుకోవద్దనడం లేదు. దిద్దిన పత్రాలు కూడా తిరిగొస్తున్నాయంటే లోపం వాక్యాల్లో లేదు, ప్రశ్నలో ఉంది.

అమెరికా వయోజన విద్యావేత్త మాల్కమ్ నోల్స్ 1975లోనే అవసరాన్ని గుర్తించడం మొదలు ఫలితాన్ని బేరీజు వేసుకోవడం దాకా చొరవ నేర్చుకునేవారిదే కావాలన్నారు, ఇతరుల సాయం ఉన్నా లేకపోయినా. భాషాభ్యసనంలో ఈ ఆలోచనకు గట్టి రూపమిచ్చిన హెన్రీ హోలెక్ ఫ్రాన్స్‌లోని నాన్సీ విశ్వవిద్యాలయంలో పనిచేశారు. ఐరోపా మండలి కోసం ఆయన రాసి, 1981లో పుస్తకంగా వెలువడిన నివేదిక ప్రకారం లక్ష్యం, పాఠ్యవిషయం, దాని క్రమం, పద్ధతి, సాధన తీరుపై నిఘా, చివరి మూల్యాంకనం అన్నీ నేర్చుకునేవారి చేతిలో ఉండాలి. ఈ గీటురాయి మీద యాప్‌ను పెట్టి చూస్తే చిక్కు అర్థమవుతుంది. ఈరోజు ఏ పాఠమో, తరువాత ఏదో, తప్పెక్కడో, పాసయ్యారో లేదో అన్నీ యాప్ చెబుతుంది. విద్యార్థి ఒంటరిగా చదివిన మాట నిజమే కానీ నిర్ణయాలేవీ అతనివి కావు. టీచరు లేకపోవడం వేరు, పగ్గాలు తన చేతిలో ఉండడం వేరు. యాప్ చెప్పిన వరుసను పక్కనపెట్టి తనకు కావలసిన మాటలను నోట్‌బుక్కులో రాసుకున్న విద్యార్థి ఆ కాలేజీలో తప్పక ఉండి ఉంటాడు; పత్రానికి అసలు సరుకు అతనే, కానీ ప్రశ్నావళి అతన్ని ఆ సంగతి అడగలేదు. జర్నల్ తరఫున పత్రాన్ని పరిశీలించే సమీక్షకుడు మొదటి పేజీలోనే పట్టుకునేది ఇదే. చాలాసార్లు పత్రం సమీక్షకుడి దాకా కూడా పోదు, ఎడిటర్ బల్ల దగ్గరే ఆగిపోతుంది.

అట్టమూత పట్టికలో హోలెక్ చెప్పినవన్నీ ఉన్నాయి. అయితే బజారు దొరికింది కదా అని పత్రం దానంతట అది రాదు. ‘హిందీ బాగా వచ్చింది’ అని ఆమె చెప్పడం రుజువు కాదు. కొన్ని నెలల ఎడంతో బేరాలను రికార్డు చేసి, ఎక్కడ ఆగిపోయేవారో ఇప్పుడెక్కడ ఆగడం లేదో చూపాలి. రికార్డయిన ప్రతి మాటనూ మూడు వరుసల్లో, పలికినది పలికినట్టు, కింద పదాల విడివిడి అర్థం, దాని కింద ఇంగ్లిష్ అనువాదంగా ఇవ్వడం ఈ రంగంలో రివాజు. ఈ రంగంలో జర్నళ్ల పరిమితి సాధారణంగా 7,000 నుంచి 9,000 పదాలు. నాలుగు బేరాలకే అందులో పెద్ద భాగం కరిగిపోతుంది. కాబట్టి ఏ బేరాన్ని ఉంచాలి, దేన్ని వదలాలి అన్న ఎంపికలోనే పరిశోధకుడి వాదన తేలిపోతుంది. రచయిత ఎవరో సమీక్షకులకు తెలియకూడదన్న నియమంతో పేరు తీసేసి, లోపల మాత్రం ‘ఏడుకొండల దిగువనున్న మా విశ్వవిద్యాలయంలో’ అని రాసే అమాయకత్వం గురించి వేరే చెప్పనక్కరలేదు.

ఇంత శ్రమ ఎందుకు పడరన్నదానికి కారణం బద్ధకం ఒక్కటే కాదు. 2016 నాటి యూజీసీ (విశ్వవిద్యాలయాల నిధుల సంఘం) నిబంధనలు పీహెచ్‌డీ థీసిస్ సమర్పించేలోపు కనీసం ఒక పత్రం రిఫరీడ్ (సమీక్షకులు చూసి ఒప్పుకున్నాకే అచ్చేసే) జర్నల్‌లో రావాలన్నాయి. గడువు తరుముతుంటే డబ్బు తీసుకుని వారంలో అచ్చేసే జర్నళ్లు పుట్టుకొచ్చాయి. 2018 మేలో యూజీసీ తన ఆమోదిత జాబితా నుంచి 4,305 జర్నళ్లను తొలగించడమే పరిస్థితికి అద్దం పడుతుంది. ఆ తరువాత నమ్మదగిన జర్నళ్లను ఏరి చెప్పే కేర్ జాబితా వచ్చింది. 2022 నిబంధనల్లో పత్రం తప్పనిసరి అన్న షరతు పోయింది, 2025 ఫిబ్రవరిలో కేర్ జాబితాకూ స్వస్తి చెప్పి, మంచిచెడులు తేల్చే బాధ్యతను యూజీసీ విద్యాసంస్థలకే వదిలేసింది. నా దృష్టిలో ఇది సరైన నిర్ణయమే, కానీ ఆ బాధ్యతను డిపార్ట్‌మెంట్లు నెత్తిన వేసుకోకపోతే వాట్సాప్‌లో తిరిగే ‘48 గంటల్లో యాక్సెప్టెన్స్’ ప్రకటనలే జాబితాగా మిగులుతాయి.

మంచి జర్నల్‌కు ఎప్పుడూ లక్షలు పోయాలన్నది కూడా అపోహే. జపాన్‌లోని కాండా విశ్వవిద్యాలయం నుంచి 2010లో మొదలైన సైసల్ జర్నల్ ప్రత్యేకంగా సొంతంగా నేర్చుకోవడమనే ఈ అంశానిదే. రచయితల దగ్గరా, పాఠకుల దగ్గరా రుసుము తీసుకోదు. చందా ఉంటేనే చదవగలిగే ‘సిస్టమ్’ వంటి జర్నళ్ల విషయంలోనూ ఇబ్బంది తగ్గింది. 2025 జనవరిలో మొదలైన వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్ పథకం కింద ప్రభుత్వ విద్యాసంస్థల విద్యార్థులకు దాదాపు 13,000 జర్నళ్లు తెరుచుకున్నాయి. పంపబోయే జర్నల్‌లో గత రెండేళ్ల సంచికలు చదవకుండా పత్రం పంపడానికి ఇక సాకు లేదు. అలాగే ‘మేజర్ రివిజన్’ (పెద్ద మార్పులు చేసి మళ్లీ పంపండి) అని జవాబొస్తే తిరస్కరించారనుకుని పత్రాన్ని వేరేచోటికి తిప్పేయడం మన దగ్గర ఎక్కువ. నిజానికి ఆ జవాబు అర్థం తలుపు తెరిచే ఉందని. సమీక్షకుల ఒక్కొక్క అభ్యంతరానికీ ఏం మార్చారో, మార్చనిచోట ఎందుకు మార్చలేదో విడివిడిగా రాసి పంపితే ఎడిటర్లు రెండోసారి శ్రద్ధగానే చదువుతారు. ఈలోపు అదే పత్రాన్ని మరో జర్నల్‌కు కూడా పంపడం మాత్రం నీతిబాహ్యం.

చివరిగా సమ్మతి పత్రం సంగతి. బజారులో రికార్డు చేయాలంటే దుకాణదారు సమ్మతితో పాటు, నిమిషంలో వెళ్లిపోయే యాత్రికుడి సమ్మతి కూడా కావాలి. అతనికి తెలుగు రాదు, రెండు పేజీల ఇంగ్లిష్ ఫారం చదివే ఓపికా ఉండదు. హిందీ, తమిళం, కన్నడంలో నాలుగు వాక్యాల్లో చదివి వినిపించి, నోటిమాటగా ఒప్పుకున్నది రికార్డు చేసుకునేలా, పరిశోధనలో నైతిక నియమాలను చూసే ఎథిక్స్ కమిటీ ముందే అనుమతించాలి. ఆ పని ఫీల్డుకు వెళ్లకముందే జరగాలి, ఎందుకంటే పత్రం పంపే రోజున జర్నల్ అడిగే మొదటి కాగితాల్లో కమిటీ అనుమతి ఒకటి, వెనకటి తేదీతో దాన్ని ఎవరూ ఇవ్వరు.